నాలుగున్నర వేలకు నేర్చుకున్న ఒక్క ‘డిడ్’

విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు రెండు వీధుల వెనక ఉన్న ఒక హోటల్లో పదకొండేళ్లుగా రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. నా ఉద్యోగమంతా ప్రశ్నలే. రాత్రి బాగా నిద్ర పట్టిందా, టిఫిన్ చేశారా, తాళం ఇచ్చారా, అరకు రైలుకు టికెట్ దొరికిందా. తెలుగువాళ్లతో ఏ చిక్కూ లేదు. బెంగాలీ, ఒడియా వాళ్లతో వచ్చీరాని హిందీ సరిపోతుంది. ఇంగ్లీషులోనే తంటా. ‘డిడ్ యు స్లెప్ట్ వెల్ సార్?’ అని ఈ పదకొండేళ్లలో కొన్ని వేలసార్లు అడిగి ఉంటాను. ఎవరూ దిద్దలేదు. పోయిన వేసవిలో చెన్నైలో స్థిరపడిన ఒక పెద్దావిడ, రిటైరైన టీచరట, గది ఖాళీ చేసి వెళ్తూ “స్లెప్ట్ కాదు బాబూ, స్లీప్” అన్నారు. ఆవిడ నవ్వలేదు. పక్కన నిలబడ్డ కొత్త కుర్రాడు మాత్రం నవ్వాడు. ఆ వారమే ద్వారకానగర్ వెళ్లి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాను.

ద్వారకానగర్ సంగతి విశాఖవాళ్లకు చెప్పనక్కరలేదు. ఏ మెట్లు ఎక్కినా పైన ఏదో ఒక కోచింగ్ ఉంటుంది. నేను చేరిన సంస్థ మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. పేరు రాయను, ఎందుకంటే ఇందులో తిట్లూ ఉన్నాయి. నలభై రోజులు, రోజుకు గంటన్నర, ఫీజు 4,500. డెమో క్లాసులో పదిహేను మందిమి ఉన్నాం. డబ్బు కట్టాక వెళ్లి చూస్తే ముప్పై ఎనిమిది మంది. ఏసీ గది అన్నారు. ఏసీ ఉన్న మాట నిజమే, గోడకు ఉంది.

మొదటి పది రోజులూ దండగ. రోజుకు నలుగురైదుగురం లేచి ‘మై నేమ్ ఈజ్’ అనడంతోనే సరిపోయింది. నా పేరు నాకు చెప్పడం వచ్చు. తరవాత గ్రూప్ డిస్కషన్ అని పెట్టారు. సెల్‌ఫోను మంచిదా చెడ్డదా అన్న విషయం మీద ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు మాట్లాడుకున్నారు, మిగతా ముప్పై ఆరు మందిమి విన్నాం. ఫీజు వెనక్కి అడుగుదామనే అనుకున్నాను.

పన్నెండో రోజు మేడమ్ మారారు. కొత్తగా వచ్చినావిడ ఇంగ్లీషు మాట ఒక్కటీ రాయకుండా బోర్డు మీద ‘వచ్చారు’, పక్కన ‘వచ్చారా’ అని రాసి, ఏం మారిందని అడిగారు. చివర దీర్ఘం వచ్చిందన్నాం. “అంతే కదా, క్రియను మీరు ముట్టుకోలేదు. ఇంగ్లీషులోనూ అదే చేస్తున్నారు. ‘కేమ్’ను అలాగే ఉంచి, దీర్ఘానికి బదులు ముందు ‘డిడ్’ తగిలిస్తున్నారు” అన్నారు. తరవాత కింద ‘రాలేదు’ అని రాశారు. “దీన్ని ‘వచ్చలేదు’ అని ఎవరైనా అంటారా?” క్లాసంతా నవ్వింది. “మీరు ‘డిడ్ నాట్ కేమ్’ అన్నప్పుడు ఇంగ్లీషు తెలిసినవాళ్లకు వినబడేది ‘వచ్చలేదు’ అనే.”

నాకు ఆ క్షణంలో పదకొండేళ్ల ‘స్లెప్ట్’లన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి.

ఆ గంటన్నరకే ఫీజు కిట్టింది. తిన్నాను, కానీ తినలేదు. ‘తిన్నలేదు’ అని పసిపిల్లలు కూడా అనరు. జరిగిపోయిన సంగతి అన్న కబురు ‘లేదు’ మోస్తోంది కాబట్టి ముందున్న ‘తిన’ ఉత్త చేతులతో నిలబడుతుంది. తినగలరా, తినవచ్చా అన్నా అంతే. ఇంగ్లీషులో ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ల పక్కన ‘ఈట్’ మారకుండా ఉండేది అచ్చం ఇందుకే. ‘డిడ్’ కూడా మన ‘లేదు’ లాంటిదే, జరిగిపోయిందన్న కబురు అదే మోస్తుంది కాబట్టి దానితో ‘కమ్’, ‘స్లీప్’లే రావాలి. అంటే పద్ధతి మనకు కొత్తది కాదు. మన ప్రశ్నల్లో దాని అవసరం రాదు, ఇంగ్లీషు ప్రశ్నల్లో వస్తుంది. అంతే తేడా. ‘డజ్’ గురించి చెప్పేటప్పుడు ‘షీ వర్క్స్’ అని రాసి, చివరి ‘ఎస్’ను వేలితో చెరిపి, ‘డు’ పక్కకు చేర్చి ‘డజ్ షీ వర్క్’ అని చూపించారు. ఉన్నది ఒక్క ఎస్సే, రెండు చోట్ల ఎక్కడినుంచి తెస్తారన్నారు. అసలు ఈ డిడ్ గొడవ ఎందుకని ఒకాయన విసుక్కుంటే, ఇంగ్లీషువాళ్లు కూడా ఒకప్పుడు ‘కేమ్ హీ?’ అని క్రియనే ముందుకు జరిపి అడిగేవారని, 1500 నుంచి 1700 మధ్య మెల్లమెల్లగా డు, డిడ్‌లు ప్రశ్నల్లో స్థిరపడ్డాయని చెప్పారు. మనం మూడు వందల ఏళ్లు ఆలస్యంగా చేరామన్నమాట.

ఇక తిట్లు. ‘హావ్’కు ఇచ్చింది పది నిమిషాలు. మా హోటల్లో దిగేవాళ్లు ‘హావ్ యు హాడ్ బ్రేక్‌ఫాస్ట్?’ అని ఒకరినొకరు అడుగుతుంటే, పాపం వీళ్లదీ నా లెక్కే తప్పని సంతోషపడ్డాను. తప్పు కాదు. ‘హావ్’ పక్కన కావలసింది వి-త్రీ, అంటే ‘ఈట్, ఏట్, ఈటెన్’లో ‘ఈటెన్’ లాంటి క్రియ మూడో రూపం, ‘హాడ్’ అక్కడ వి-త్రీయే. ‘డిడ్ యు హావ్’ సరే, ‘హావ్ యు హాడ్’ సరే, ‘డిడ్ యు హాడ్’ ఒక్కటే పనికిరాదు. టిఫిన్ గురించి రోజూ అడిగేవాడికి ఇది మొదటి రోజే చెప్పవలసిన మాట.

మెటీరియల్ పేరుతో ఇచ్చిన అరవై పేజీల జిరాక్సు మరీ ఘోరం. అభ్యాసాల మధ్యలో నమూనా వాక్యంగా ‘డిడ్ హీ టోల్డ్ యు?’ అని దర్జాగా ఉంది. మేడమే మా చేత పెన్నుతో కొట్టేయించారు.

అందులో ‘హూ’ గురించి ఒక్క ముక్క లేదు. దాని ఫలితం నేను అనుభవించాను. 204 తాళం కనబడక, హిందీవాడైన మా మేనేజరు ముందు ‘హూ డిడ్ టేక్ ది కీ?’ అని స్టాఫ్‌ను నిలదీశాను. ‘టుక్’ అనాలన్నాడు ఆయన. డిడ్ వచ్చాక టుక్ రాదని నేను పాఠం చెప్పాను. “మరి డిడ్‌ను ఎవరు రమ్మన్నారు?” అన్నాడు. మర్నాడు మేడమ్‌ను అడిగితే నాదే తప్పని తేలింది. ‘హూ కాల్డ్ యు’ అంటే మీకు ఎవరు ఫోన్ చేశారని, ‘హూ డిడ్ యు కాల్’ అంటే మీరు ఎవరికి ఫోన్ చేశారని. ‘ఎవరు’ దగ్గర డిడ్ అక్కరలేదు, ‘ఎవరికి’, ‘ఎవరిని’ అన్నచోట కావాలి. తాళం మేనేజరు జేబులోనే దొరికింది, అది వేరే సంగతి.

చివరి రోజు సర్టిఫికెట్‌కు మూడు వందలు అదనంగా అడిగారు. నేను తీసుకోలేదు. ఇంటర్వ్యూల కోసం చేరదామనుకునే పిల్లలు ఇక్కడికి రాకపోవడమే మంచిది, ముప్పై ఎనిమిది మందిలో నోరు తెరిచే వంతు రాదు. నాలాగా ఇంగ్లీషు నలిగి, తప్పులతో పాతుకుపోయినవాళ్లు చేరవచ్చు. కాకపోతే డబ్బు కట్టే ముందు ఆ రెండో మేడమ్ ఏ బ్యాచ్‌కు వస్తారో కనుక్కోండి. ఐదుకు మూడు ఇస్తున్నాను, ఆ మూడూ ఆవిడవే.

తొందరలో ఇప్పటికీ అప్పుడప్పుడు ‘స్లెప్ట్’ నాలుక చివరిదాకా వస్తుంది. మొన్న మింగేసి, ‘డిడ్ యు స్లీప్ వెల్ సార్?’ అని శుభ్రంగా అడిగాను. లేదన్నాడాయన. 207లో ఏసీ నుంచి రాత్రంతా మంచం మీద నీళ్లు కారాయట.