వియత్నాం: ఏ నెలకు ఏ ఊళ్లు

వియత్నాం వెళ్లడానికి మంచి కాలం ఏదంటే ఒకే నెల పేరు చెప్పడం కుదరదు. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొస దాకా దాదాపు 1,650 కిలోమీటర్ల పొడవున్న దేశం అది. జనవరిలో ఒకే రోజున హనోయ్‌లో జనం స్వెటర్ మీద జాకెట్ వేసుకుని తిరుగుతుంటారు, దక్షిణాన సైగాన్‌లో (హో చి మిన్ సిటీ) చెమటలు కారుతుంటాయి. అందుకే ఊళ్ల జాబితా రాసుకుని ఆ తర్వాత సెలవులకు అతికించే పద్ధతి ఇక్కడ దెబ్బ కొడుతుంది. చాలామందికి సెలవు తేదీలు ముందే ఖాయమై ఉంటాయి కాబట్టి, ఆ నెలకు సరిపడే ఊళ్లనే పెట్టుకుని మిగతావి తీసెయ్యాలి. పది రోజుల్లో దేశమంతా చుట్టించే ప్యాకేజీలు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాయి. ఏడాది పొడవునా అవే ఊళ్లు, అదే వరస.

ఎక్కువమంది నష్టపోయేది మధ్య భాగంలో. వానాకాలం ఉత్తరంలో సుమారుగా మే నుంచి అక్టోబరు దాకా, దక్షిణంలో నవంబరు దాకా. హుయె, దా నాంగ్, హోయి ఆన్‌లలో మాత్రం సెప్టెంబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది, అక్టోబరు నవంబరుల్లో ముదురుతుంది. లావోస్ సరిహద్దు వెంట నిలువునా సాగే చువోంగ్ సోన్ కొండలే దీనికి కారణం. వేసవిలో నైరుతి గాలి తన తేమంతా లావోస్ వైపే కురిపించేసి, కొండ దిగేసరికి పొడిగా, వేడిగా మారుతుంది. అక్కడివాళ్లు దాన్ని లావో గాలి అంటారు. అది వీచే రోజుల్లో ఫోంగ్ న్యా, హుయె ప్రాంతాల్లో 40 డిగ్రీలు తాకడం వింతేమీ కాదు. అక్టోబరు వచ్చేసరికి గాలి దిశ మారి, ఈశాన్యం నుంచి సముద్రపు తేమను మోసుకొచ్చి అవే కొండలకు ఇటువైపు నుంచి గుద్దుకుంటుంది. దానికి తుఫాన్లు తోడైతే రోజుల తరబడి వాన తెరిపివ్వదు. సైగాన్ వానలా గంటసేపు కురిసి వెళ్లిపోయే రకం కాదిది.

హుయెకీ దా నాంగ్‌కీ మధ్య హై వాన్ కనుమ ఉంది, ఎత్తు సుమారు 500 మీటర్లు. ఉత్తరం నుంచి దిగే చలిగాలి చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. ఫిబ్రవరిలో హుయెలో మబ్బు, సన్న జల్లు ఉంటే, కనుమ దాటి దా నాంగ్ చేరేసరికి ఎండ కాస్తుండటం మామూలే. ఈ దారిని కారులో కన్నా రైల్లో దాటడం మేలు. కార్లు చాలావరకు సొరంగంలోంచి వెళ్లిపోతాయి. రైలు మాత్రం సముద్రం అంచునే కొండను చుట్టుకుంటూ రెండున్నర, మూడు గంటల్లో దా నాంగ్ చేరుస్తుంది. హుయె నుంచి వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి, సముద్రం అటే.

హోయి ఆన్ పాత ఊరు థూ బోన్ నది ఒడ్డునే ఉంది. అక్టోబరు, నవంబరుల్లో నది పొంగితే ముందు మునిగేది రేవు వెంట ఉన్న బాక్ డాంగ్ వీధి, వంతెన అవతలి ఆన్ హోయి లంక. దుకాణాలవాళ్లు సరుకంతా పై అంతస్తుకు చేర్చేస్తారు, వీధుల్లో పడవలు తిరుగుతాయి. హోటల్ ఫొటోల్లో అందంగా కనిపించే నది ఒడ్డు గది ఆ రెండు నెలల్లో అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. తప్పనిసరిగా అప్పుడే వెళ్లాల్సి వస్తే 30 కిలోమీటర్ల దూరంలోని దా నాంగ్‌లో బస చేసి, వాన లేని రోజు చూసుకుని పగలు వెళ్లి రండి. ఫిబ్రవరి నుంచి ఆగస్టు మధ్యలో అయితే పాత ఊరికి నడక దూరంలోనే ఉండండి. సాయంత్రం పగటి యాత్రికుల బస్సులు వెళ్లిపోయాకే ఆ ఊరి అసలు అందం బయటపడుతుంది. చాంద్రమానం ప్రకారం ప్రతి నెలా 14వ రోజు రాత్రి విద్యుత్ దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు. ఆ రోజు గదులు త్వరగా నిండిపోతాయి కాబట్టి తేదీ ముందే చూసుకోవాలి.

గుహల కోసం ఫోంగ్ న్యా వెళ్లేవాళ్లు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆ ఊరిని లెక్కలోంచి తీసెయ్యడం మంచిది. నది పెరిగితే ఫోంగ్ న్యా గుహలోకి పడవలు ఆపేస్తారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన సోన్ దూంగ్ గుహ యాత్రలు జనవరి నుంచి ఆగస్టు వరకే నడుస్తాయి. అది కూడా పరిమిత సంఖ్యలోనే, చాలా నెలల ముందే బుక్ చేసుకుంటేనే.

ఇక ఉత్తరం. హనోయ్‌కి అక్టోబరు, నవంబరు నెలలే మేలైనవి. ఆకాశం తేటగా ఉంటుంది, ఉక్కపోత పోతుంది, చలి ఇంకా రాదు. జనవరి చివరి నుంచి మార్చి దాకా తుంపర, పొగమంచు. వర్షం కొలతలు చూస్తే ఆ నెలలు పొడిగానే కనిపిస్తాయి, అదే మోసం చేస్తుంది. కురిసేది తక్కువే అయినా మబ్బు రోజుల తరబడి వీడదు. మార్చిలో గాలి తేమెక్కి నేల టైల్స్, గోడలు చెమర్చుతాయి, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. దీన్ని అక్కడ నోమ్ అంటారు. ఆ రోజుల్లో పాత బస్తీలోని కిటికీ లేని చవక గదులు ముక్కవాసన కొడతాయి. కాస్త ఎక్కువ పెట్టయినా కిటికీ ఉన్న గది తీసుకోండి, ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. డిసెంబరు, జనవరిల్లో వెళ్తే ఏసీ వేడి గాలి కూడా ఇస్తుందా అని బుక్ చేసే ముందే అడగాలి. చాలా చిన్న హోటళ్లలో చల్లగాలి మాత్రమే వస్తుంది. 14, 15 డిగ్రీల తడి చలిలో రాత్రి దుప్పటి ఒక్కటే దిక్కవుతుంది.

సముద్రంలోంచి రాతి శిఖరాలు లేచి కనిపించే హా లాంగ్ బేలో పడవ బయల్దేరాలా వద్దా అన్నది రేవు అధికారులు తేలుస్తారు, క్రూయిజ్ కంపెనీ చేతిలో ఉండదు. జూన్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా తుఫాను ముప్పు ఉంటుంది. 2024 సెప్టెంబరులో వచ్చిన యాగి తుఫాను అక్కడ యాత్రా పడవలను కూడా ముంచేసింది. ఫిబ్రవరి, మార్చిలో పడవ నడిచినా పొగమంచులో శిఖరాలు సరిగా కనబడవు. నవంబరు, డిసెంబరు మొదటి సగం, ఏప్రిల్ అనువైన కాలం. బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: యాత్ర రద్దయితే డబ్బంతా వెనక్కి ఇస్తారా, లేక తేదీ మార్చి సరిపెడతారా? రాత్రి బస రద్దుచేసి నాలుగు గంటలు తిప్పి తీసుకొచ్చినప్పుడు ఎంత తిరిగి ఇస్తారో కూడా అందులో ఉండాలి. క్రూయిజ్ దిగిన రోజు సాయంత్రమే విమానం పెట్టుకోవద్దు. హా లాంగ్ రేవు రద్దీగా అనిపించేవాళ్లు దానికి ఆనుకునే ఉన్న లాన్ హా బే పడవలు చూడండి. కొండలు అలాంటివే, పడవలు తక్కువ.

సపా సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి మెట్ల పొలాలను ఫొటోల్లో చూసి బయల్దేరేవాళ్లు నెల విషయంలో పొరబడితే చూసేది బురదమళ్లే. మే, జూన్‌లో నీళ్లు పెట్టిన మళ్లు అద్దాల్లా మెరుస్తాయి. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నడుమ దాకా పండిన వరి పసుపు. మెట్ల పొలాలున్న మరో కొండ ప్రాంతం మూ కాంగ్ చాయ్‌లో అదే పసుపు కొంచెం ఆలస్యంగా, సెప్టెంబరు రెండో సగంలో వస్తుంది. కోతలయ్యాక ఏమీ ఉండదు. డిసెంబరు, జనవరిల్లో ఊరినే కమ్మేసే మబ్బు ఉంటుంది కాబట్టి ఫాన్సిపాన్ శిఖరానికి వెళ్లే కేబుల్ కారు టికెట్ ముందుగా కొనొద్దు, ఉదయం ఆకాశం చూసుకుని కొనండి. లోయలోని తా వాన్ హోమ్‌స్టేలు మనుషులపరంగా, భోజనంపరంగా ఊళ్లోని హోటళ్లకన్నా చాలా మేలు. చలికాలంలో మాత్రం చెక్క గోడల సందుల్లోంచి గాలి కొడుతుంది, ఎలక్ట్రిక్ దుప్పటి ఉందో లేదో అడగండి.

ఉత్తరపు కొండల్లో బైకు మీద చుట్టి వచ్చే హా జియాంగ్ లూప్‌కు అక్టోబరు, నవంబరు సరైన కాలం, అప్పుడే బక్‌వీట్ పూలు పూస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతుంటాయి. అద్దె బైకు విషయంలో జాగ్రత్త. భారత్ ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 ఒప్పందం ప్రకారమైనది, వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం లైసెన్సును. అద్దెకిచ్చేవాళ్లు ఇవేవీ అడగరు, కానీ ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడుగుతుంది. స్థానికుడు నడిపితే వెనక కూర్చుని వెళ్లే ఈజీ రైడర్ పద్ధతే మంచిది. దారి చూడటానికి కూడా అదే హాయి.

దక్షిణం సంగతి తేలిక. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి, మే నుంచి నవంబరు దాకా మధ్యాహ్నం జోరు వాన. ఉదయం పనులు చక్కబెట్టుకుంటే సైగాన్‌లో వానాకాలం పెద్ద అడ్డు కాదు. ఫూ కోక్ దీవిలో మాత్రం తీరం ఎంపికలో తేడా తెలియాలి. నవంబరు నుంచి మార్చి దాకా పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది, తూర్పున ఉన్న సావ్ బీచ్‌కు అలలు, చెత్త కొట్టుకొస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సరిగ్గా తారుమారు. చవకగా దొరికిందని జులైలో పడమటి తీరపు రిసార్టు తీసుకుంటే ఈతకు దిగొద్దని పాతిన ఎర్రజెండాలు చూస్తూ కూర్చోవాలి.

మొత్తం దేశాన్ని ఒకే విడతలో చూసి తీరాలంటే మార్చి చివరి నుంచి ఏప్రిల్ చివరి లోపు ఒక్కటే అదను. దక్షిణం నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఉత్తరంలో తుంపర తగ్గడానికి సమయం దొరుకుతుంది, సైగాన్ ఎండ ముదరకముందే బయటపడతారు. నవంబరులో అయితే హనోయ్, హా లాంగ్, హా జియాంగ్ చూసి, మధ్యభాగం మీదుగా ఎగిరి సైగాన్‌లో దిగండి. విమానంలో రెండు గంటల పైచిలుకు. జూన్, జులై తప్ప కుదరని కుటుంబాలకు దా నాంగ్, న్యా చాంగ్ తీరాలు బాగుంటాయి. అదే వియత్నాం బడి సెలవుల కాలం కూడా కాబట్టి గదులకు గిరాకీ ఎక్కువ.

చాంద్రమాన కొత్త సంవత్సరమైన టెట్ పండుగ తేదీలను తప్పక చూసుకోండి. 2027లో అది ఫిబ్రవరి 6న వస్తుంది. దానికి ముందూ తర్వాతా వారం పాటు రైలు టికెట్లు దొరకవు, చిన్న హోటళ్లు, భోజనశాలలు మూసేస్తారు. ఏప్రిల్ 30, మే 1, సెప్టెంబరు 2 సెలవులకూ ఇదే రద్దీ. ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తారు, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. వీసా మీద ముద్రించిన తేదీకన్నా ఒక్కరోజు ముందు దిగినా లోపలికి రానివ్వరు. అర్ధరాత్రి దాటే విమానాలవాళ్లు దిగే తేదీనే రాయాలి, ఎక్కే తేదీ రాయకూడదు.