కొత్త బేసా, వాడిన బేసా, కట్టుకునే బేసా? ముందు నెక్ చూడండి

మా కాకినాడ వైపు చర్చి వర్షిప్ టీముల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించే తమ్ముళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఉన్న డబ్బులకి కొత్తది చిన్న మోడల్ కొనుక్కోనా, సెకండ్ హ్యాండ్‌లో మంచి మోడల్ వెతుక్కోనా, పార్ట్స్ తెప్పించి కట్టించుకోనా?" ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను. కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు: సెటప్ అంటే నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయడం; పాసివ్ అంటే బ్యాటరీ లేని బేస్, యాక్టివ్ అంటే లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్నది.

నా మాట ముందే చెప్పేస్తాను. నెక్, అంటే తీగలు నొక్కి వాయించే పొడుగాటి చెక్క కాడ, బాగుంటే వాడిన బేసే మేలు. నెక్ బాగోలేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే బేస్‌లో నెక్ తప్ప మిగతావన్నీ తేలిగ్గా మార్చుకోదగ్గవే. 34 అంగుళాల స్కేల్ (తీగ పలికే పొడవు) మీద నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్‌ను లాగే బలం 70 కిలోలకు పైమాటే. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆరు తీగలున్నా అంత లాగుడు ఉండదు. ఆ బలానికి నెక్ తీగల వైపు వంగుతుంది, లోపలున్న ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. మనం వాయించినా వాయించకపోయినా ఈ పెనుగులాట నడుస్తూనే ఉంటుంది. దానికి తోడు మన వాతావరణం. సముద్రం ఒడ్డున తేమకి చెక్క ఉబ్బుతుంది, ఉప్పుగాలికి ట్రస్ రాడ్ నట్టూ, తీగలు ఆనే సాడిల్ స్క్రూలూ తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండలకి ఫింగర్‌బోర్డ్ ఎండి కుంచించుకుపోయి, ఫ్రెట్ల (దాని మీది లోహపు మెట్ల) కొసలు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి.

వాడిన బేస్ వైపు నేను మొగ్గేది ఇందుకే. కొత్త నెక్ ఎలా ప్రవర్తిస్తుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. షాపులో నిటారుగానే ఉంటుంది, మొదటి వానాకాలం వచ్చాకే దాని అసలు గుణం తెలిసేది. అదే ఏడెనిమిదేళ్ళు మన ఎండల్ని, వానల్ని చూసి కూడా ఇవాళ నిటారుగా నిలబడిందంటే, అది పరీక్ష రాసి పాసైన నెక్. రంగు పోయినా, బాడీ అంచులు చెక్కలు లేచినా నాకు పట్టదు. ఈమధ్య నేను తీసుకున్న జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ మోడల్) తరహా వాయిద్యం ముందువైపంతా గీతలే, ఒక వాల్యూమ్ పనిచేసేది కాదు, కేబుల్ గుచ్చే జాక్ ఊగిపోతుండేది. నెక్ మాత్రం రూళ్ళకర్రలా ఉంది. మారుమాట లేకుండా డబ్బులిచ్చేశాను.

నెక్ ఎలా చూడాలో కాస్త వివరంగా చెబుతాను. అమ్మేవాళ్ళు చాలామంది తీగలు వదులు చేసి ఉంచుతారు. వదులు తీగలతో ఏ నెక్కయినా బాగానే కనిపిస్తుంది. ముందు ట్యూనర్ పెట్టి నాలుగు తీగల్నీ, లావుదాని నుంచి సన్నదాని దాకా ఇ, ఎ, డి, జి, సరిగ్గా శ్రుతి చేయండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ శ్రుతి చూడండి. అప్పుడు ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డ్ ఒకటి, అంటే 0.3 మిల్లీమీటర్ల మందం, సందులోకి దూరీ దూరనట్టు వెళ్ళాలి. జి తీగ మీదా అలాగే చూడండి. ఒకవైపు సందు బాగా ఎక్కువ, రెండోవైపు అసలు లేదంటే నెక్ మెలిక తిరిగిందన్నమాట. అది ట్రస్ రాడ్‌తో లొంగే జబ్బు కాదు. నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత ట్రస్ రాడ్. కొన్నిటికి అలెన్ కీ, కొన్నిటికి బాక్స్ స్పానర్ కావాలి. సరిపోని కీతో తిప్పితే నట్టు అరిగిపోతుంది కాబట్టి కీలు మీరే పట్టుకెళ్ళండి. ఓనర్ చేతికే ఇచ్చి పావు చుట్టు వదులు చేయమనండి, మళ్ళీ పావు చుట్టు బిగించమనండి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి. తిప్పితే సందు మారాలి. నట్టు అప్పటికే చివరిదాకా బిగిసిపోయి నెక్ ఇంకా ముందుకు వంగే ఉంటే, ఆ రాడ్ ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది. పాత ఫెండర్ పద్ధతిలో చేసినవాటికి నట్టు నెక్ మడమ దగ్గర, బాడీ లోపలికి ఉంటుంది. వాటికి నెక్ విప్పి తిప్పాలి కాబట్టి ఓనర్ వెనకాడటంలో తప్పులేదు, సందు కొలత మీదే నిర్ణయించుకోండి.

ఇంకొకటి. నెక్ బాడీలో కలిసే చోట, చివరి ఫ్రెట్ల దగ్గర, కొన్ని నెక్‌లు పైకి లేస్తాయి. హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలుండే తల) వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే తెలుస్తుంది. అక్కడిదాకా ట్రస్ రాడ్ బలం అందదు. పై ఫ్రెట్లు అరగదీయించాల్సిందే, అది వచ్చినవాళ్ళు మన జిల్లాల్లో అరుదు. జి తీగ మీద అయిదు నుంచి ఏడు ఫ్రెట్ల మధ్య ఒక స్వరం తొందరగా ఆరిపోతే మాత్రం భయపడకండి. ఫెండర్ తరహా బేసుల్లో చాలావాటికి అది పుట్టుకతో ఉన్నదే.

నెక్ పాసైతే మిగతా రిపేర్లు బేరం ఆడటానికి పనికొస్తాయి. పాసివ్ జాజ్ బేస్ లోపల ఉండేది మూడు 250 కే పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు), ఒక కెపాసిటర్, ఒక జాక్. సోల్డరింగ్ వచ్చిన మీ వీధి టీవీ మెకానిక్ కూడా ఒక పూటలో మార్చేస్తాడు, డయాగ్రామ్ చూపిస్తే చాలు. గరగర శబ్దం వచ్చే పాట్‌లో చాలాసార్లు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పది సార్లు తిప్పితే సరిపోతుంది. హమ్ వస్తూ, తీగలు ముట్టుకున్నా తగ్గకపోతే, బ్రిడ్జ్ (బాడీ మీద సాడిల్స్ ఉండే లోహపు పలక) కిందకు వెళ్ళే గ్రౌండ్ వైరు తెగిందేమో చూడండి. యాక్టివ్ బేస్ "డెడ్, పార్ట్స్ కోసం" అని అమ్ముతుంటే జేబులో కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసుకెళ్ళండి. కేబుల్ గుచ్చి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, ఆ సంగతి తెలియక ప్రీయాంప్ పోయిందనుకునేవాళ్ళున్నారు. ట్యూనింగ్ కీలు, నట్ (నెక్ పై కొసన తీగలు కూర్చునే గాట్ల పట్టీ), బ్రిడ్జ్ అన్నీ దొరికే సరుకే.

కొత్త బేస్‌ను తీసిపారేయడం లేదు. నెక్ చూడటం రాని ఇంట్లో పిల్లాడికి మొదటి బేస్ అయితే, తోడు వచ్చే మనిషి లేకపోతే, కొత్తదే కొనండి. యమహా, ఐబనెజ్, కోర్ట్, స్క్వయర్ వీటి చిన్న మోడళ్ళ మీద చర్చి నిండా వాయించుకోవచ్చు. వారంటీ ఉంటుంది, తేడా వస్తే వెనక్కి పట్టుకెళ్ళే షాపు ఉంటుంది. కానీ కొత్తది కాబట్టి సెటప్ అక్కర్లేదని అనుకోవద్దు. చిన్న మోడళ్ళకి నట్ గాట్లు ఎత్తుగా ఉండటం మామూలే. మొదటి ఫ్రెట్‌లో వేళ్ళు నొప్పి పుడితే అది పిల్లాడి చేతగానితనం కాదు. సెటప్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి, మొదటి వానాకాలం తర్వాత ఇంకోసారి చేయించండి.

ఇక కట్టుకోవడం. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటినుంచీ నెక్‌ను నాలుగు స్క్రూలతో బాడీకి బిగించే పద్ధతి ఉంది కాబట్టే ఈ ఆలోచనకి చోటుంది. ప్రెసిషన్ బాడీకి జాజ్ నెక్ కూర్చుంటుంది. అయితే అన్నీ కొత్తగా తెప్పిస్తే, కస్టమ్స్, కొరియర్ కలిపి, అదే డబ్బుకి వాడిన మంచి బేస్ చేతికొచ్చేది. బాడీ పగిలిన బేస్‌లో నెక్ బాగుండి అది చవగ్గా దొరికితే మాత్రం కట్టండి, ఆ ఆనందం వేరు. కొలత ఒక్కటి మరిచిపోకండి: నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 17 అంగుళాలు, అక్కడినుంచి సాడిల్‌కి మళ్ళీ 17. అందులోనూ సాడిల్ మరికాస్త వెనక్కి జరిగే చోటు ఉంచి బ్రిడ్జ్ రంధ్రాలు వేయాలి, లావు తీగకి అది తప్పనిసరి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు కదా, వాళ్ళచేత బేస్ చేయించుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. పనసతో బాడీ చెక్కించుకోవచ్చు, ఆ చేతుల పనితనం మీద నాకు ఎంతో గౌరవం. నెక్ మాత్రం వేరే విద్య. వీణలో మెట్లు మైనం మీద కూర్చుంటాయి, స్వరస్థానం తేడా వస్తే మైనం కరిగించి మళ్ళీ మేళం కట్టుకోవచ్చు. బేస్‌లో ఫ్రెట్ చెక్కలో కోసిన గాడిలోకి దిగగొట్టి ఉంటుంది. గాడి ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయినా ఆ స్వరం ఎప్పటికీ పక్కకే పలుకుతుంది. అందుకే నెక్ రెడీమేడ్‌ది తీసుకోండి.

భాగాలన్నీ కలిపి అమ్మే కిట్లలో నెక్ ఎలాంటిది వస్తుందో విప్పేదాకా తెలియదు, నేను సలహా ఇవ్వను. అయిదు తీగలది కావాలనుకుంటే మీ చర్చి స్పీకర్ కింది బి తీగను, అంటే 31 హెర్ట్జ్‌ను, పలికిస్తుందో లేదో ముందు చూసుకోండి. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ చాలు, దానికీ నెక్ పరీక్ష ఇదే.