చోంగ్‌చింగ్ హాట్‌పాటా, బీజింగ్ హాట్‌పాటా?

హాట్‌పాట్ అంటే బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుంటూ తినే భోజనం. చైనాలో స్నేహితులతో హాట్‌పాట్‌కి వెళ్లాలంటే నా ఓటు నైరుతి చైనా నగరమైన చోంగ్‌చింగ్ పద్ధతికే. గొడ్డు కొవ్వులో ఎండుమిర్చి, సిచువాన్ మిరియాలు మరిగే ఎర్రటి పులుసు అది. ఆ మిరియాలకు నాలుక తిమ్మిరెక్కుతుంది. ఆవకాయకు అలవాటుపడ్డ నోటికీ ఇది కొత్తే. కుండలో 9 గళ్ల చట్రం ఉంటుంది. బాగా తెర్లే నడిమి గడిలో పశువు పొట్ట ముక్కను చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని ఓ 15 సెకన్లు ముంచి తీస్తే కరకరలాడుతుంది. ఆలస్యమైతే రబ్బరే! వెల్లుల్లి కలిపిన నువ్వుల నూనెలో అద్దుకుంటే మంట కాస్త తగ్గుతుంది.

బీజింగ్‌ది మధ్యలో బొగ్గుల గొట్టం ఉన్న రాగి కుండ. అల్లం, ఉల్లికాడలు వేసిన తేట నీళ్లు, పల్చటి గొర్రె మాంసం, నంజుకోవడానికి నువ్వుల ముద్ద. మాంసం అసలు రుచి ఇక్కడే తెలుస్తుంది. కారం పడనివాళ్లు వెంట ఉంటే ఇదే మేలు.