తెలుగు చదివేవాళ్లకి కిండిల్ పేపర్‌వైట్: ఒత్తుల దగ్గరే అసలు పరీక్ష

కిండిల్ పేపర్‌వైట్ అంటే ఈ-పుస్తకాలు చదవడానికే అమెజాన్ చేసిన యంత్రం. దాని మీద ఇంగ్లిష్ పుస్తకాలు చదివేవాళ్లు రాసిన సమీక్షలు బోలెడున్నాయి. వాటిని చూసి తెలుగు పుస్తకాల కోసం కొంటే సగం మంది వారం తిరక్కుండానే డ్రాయర్‌లో పడేస్తారు. యంత్రంలో లోపమేమీ ఉండదు. మన తెలుగు పుస్తకాలు ఏ రూపంలో దొరుకుతున్నాయి, అవి దాని తెర మీద ఎలా కూర్చుంటాయి అన్నదే అసలు గొడవ. ఈ సమీక్షంతా ఆ గొడవ గురించే.

ముందు యంత్రం సంగతి రెండు ముక్కల్లో. 2021 మోడల్ తెర 6.8 అంగుళాలు, 2024 మోడల్‌ది 7 అంగుళాలు. రెండింటిలోనూ అంగుళానికి 300 చుక్కలు, పసుపు వైపు మార్చుకోగల లైటు, నీళ్లు పడినా తట్టుకునే ఒళ్లు, సీ-టైప్ చార్జింగ్. 2024 మోడల్ మన దేశంలోకి 2025లో 16,999 రూపాయల ధరతో వచ్చింది. ఇంక్ తెర కాబట్టి ఎండలో కూడా అచ్చు కాగితంలాగే కనిపిస్తుంది. ఈ విషయాల్లో వంక పెట్టడానికేమీ లేదు.

ఇక తెలుగు. కిండిల్ దుకాణంలో 2016 డిసెంబర్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఐదింటినే తీసుకున్నారు. తెలుగు ఆ జాబితాలో లేదు. కాబట్టి ‘కొను’ నొక్కి చదివేసే సుఖం తమిళం వాళ్లకి ఉన్నట్టు మనకి లేదు. మన ఫైళ్లు మనమే తెచ్చుకుని ఎక్కించుకోవాలి. అవి మూడు రకాలు: యూనికోడ్ (ఏ యంత్రమైనా గుర్తుపట్టే ప్రామాణిక కోడ్) అక్షరాలున్నవి, డిటిపి నుంచి తీసిన పీడీఎఫ్‌లు, పాత పుస్తకాల స్కాన్లు. మొదటి రకానికి పేపర్‌వైట్ బ్రహ్మాండం. రెండోది పర్లేదు. మూడోదానికే కొనేవాళ్లయితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఎందుకో కింద లెక్కతో సహా చెప్తాను.

యూనికోడ్ ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయంటే, తెలుగు వికీసోర్స్ మొదటి చోటు. అక్కడ పుస్తకం పేజీలోనే ఈపబ్ (ఈ-పుస్తకాలకి మామూలుగా వాడే ఫైల్ రకం) దించుకునే బటన్ ఉంటుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి కాబట్టి 1919లో పోయిన కందుకూరి తరం వాళ్లని నిశ్చింతగా చదువుకోవచ్చు. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ లాంటి వెబ్ పత్రికలు కూడా పూర్తి యూనికోడే. కంప్యూటర్ బ్రౌజర్‌లో అమెజాన్ వాళ్ల సెండ్ టు కిండిల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే కథ తెరిచి ఒక్క నొక్కుతో పంపేయొచ్చు.

పంపే పద్ధతుల్లో చిన్న తేడా ఉంది. సెండ్ టు కిండిల్ వెబ్ పేజీలో 200 ఎంబీ దాకా పడుతుంది, ఈమెయిల్‌తో 50 ఎంబీ వరకే. 2022 నుంచి ఈపబ్ నేరుగా తీసుకుంటోంది, పాత మోబీ ఫైళ్లు ఇక పంపొద్దు. కేబుల్‌తో ఎక్కించడం ఇప్పటికీ పనిచేస్తుంది. 2025 ఫిబ్రవరిలో అమెజాన్ తీసేసింది, కిండిల్ దుకాణంలో కొన్న పుస్తకాలని కంప్యూటర్‌కి దించుకునే సౌకర్యాన్ని. చాలామంది ఈ రెండూ కలిపేసి ‘కేబుల్ పనిచేయదట’ అని ప్రచారం చేస్తున్నారు, నమ్మకండి.

ఫైల్ ఎక్కాక మొదట చూడాల్సింది కథ కాదు, ఒత్తులు. యూనికోడ్‌లో తెలుగు ఒత్తుకి విడిగా కోడ్ లేదు. ‘క్ష’ అంటే క, పొల్లు, ష అని మూడు ముక్కలుగా ఫైల్‌లో ఉంటుంది. వాటిని కలిపి కింద ఒత్తుగా కూర్చోబెట్టే పని ఫాంటుది, ఆ ఫాంటు సూత్రాలని అమలు చేసే సాఫ్ట్‌వేర్‌ది. ఇద్దరిలో ఎవరు తప్పినా ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అయి కూర్చుంటుంది. అందుకని ఒక చిన్న పరీక్ష ఫైల్ తయారు చేసుకోండి. అందులో స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, జ్ఞానం, నైరుతి, ఫేస్‌బుక్ ఉంటే చాలు. చివరిది ఎందుకంటే, ‘స్’ తర్వాత పొల్లుని విడిగా నిలబెట్టే కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. దాన్ని మింగేసే మార్పిడి సాఫ్ట్‌వేర్లలో సకారం కింద బకారం ఒత్తు వచ్చి ‘ఫేస్బుక్’ అని వికారంగా తయారవుతుంది. ఈ ఏడు మాటలూ సరిగ్గా వస్తే మిగతా పుస్తకంతో దాదాపు ఇబ్బంది ఉండదు.

రాకపోతే ఫాంటు మనమే పెట్టాలి. కిండిల్‌ని కేబుల్‌తో తగిలిస్తే ‘ఫాంట్స్’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో టీటీఎఫ్ ఫైల్ వేసి, కేబుల్ తీసి, పుస్తకం తెరిచి, అక్షరాల మెనూలో ఆ ఫాంటు ఎంచుకోవాలి. 2024 మోడల్‌ని మ్యాక్‌కి తగిలిస్తే మామూలు డ్రైవ్‌లా కనపడదు, విడిగా ఫైళ్లు పంపే యాప్ కావాలి. విండోస్ వాళ్లకి ఆ బాధ లేదు.

ఫాంటు విషయంలో కాస్త ఆగాలి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటిలో శీర్షికల కోసం చేసినవే ఎక్కువ. రామభద్ర, పొన్నాల, ధూర్జటి అందంగా ఉంటాయి గానీ వాటితో నవల చదివితే పెళ్లి శుభలేఖ మూడొందల పేజీలు చదివినట్టుంటుంది. పుస్తకానికి మండలి సరైనది, గీత మందం సమంగా ఉంటుంది, ఒత్తులు గుర్తుపట్టేంత పెద్దవి. నోటో సెరిఫ్ తెలుగు కూడా బాగానే ఉంటుంది కానీ సన్న గీతలు ఇంక్ తెర మీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు అదే మెనూలో బోల్డ్ మోతాదు ఒకటో రెండో మెట్లు పెంచితే సరి.

వరుసల మధ్య జాగా మాత్రం కచ్చితంగా పెంచండి. ఇంగ్లిష్‌కి సరిపోయే జాగాలో పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి నెత్తిన కూర్చుంటుంది, ‘వస్త్రం’ కింద ‘గిరి’ పడితే అది గుడో గుడి దీర్ఘమో తేలదు. రెండు పక్కలా సమంగా సర్దే అమరిక కూడా తీసేసి ఎడమ వైపుకి మాత్రమే పెట్టుకోండి. మన మాటలు పొడుగు. ‘చెప్పాల్సివచ్చినప్పుడల్లా’ లాంటిది ఒక్కటి వరుస చివర పట్టక కిందికి దిగితే, పైన మిగిలిన మూడు మాటల మధ్య ఎద్దుల బండి పోయేంత ఖాళీ వస్తుంది.

ఈ తంటా ప్రతి పుస్తకానికీ పడలేమనుకుంటే ఈ-పుస్తకాలని మార్చే క్యాలిబర్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి సర్దుకోవచ్చు. ఈపబ్‌ని కిండిల్ సొంత ఫైల్ రకమైన ఏజెడ్‌డబ్ల్యు3 లోకి మార్చేటప్పుడు ‘లుక్ అండ్ ఫీల్’ భాగంలో ఫాంటుని లోపలే ఇమిడ్చే అవకాశం ఉంది, అక్కడ మండలి ఎంచుకోండి. పక్కనే ఫాంటు సైజు తగ్గించే ‘సబ్‌సెట్’ గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టొద్దు. ఒత్తు రూపాలకి సొంత కోడ్ లేదు కాబట్టి ‘ఇవి ఎవరూ వాడట్లేదు’ అనుకుని వాటిని కత్తిరించేసే ప్రమాదం ఉంది. మిగిలేది పదో పరకో కిలోబైట్లు, పోయేది భాష.

రెండో రకం, డిటిపి పీడీఎఫ్‌లు. గత మూడు దశాబ్దాల తెలుగు పుస్తకాలు చాలామటుకు పేజ్‌మేకర్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో తయారైనవి. ఆ పీడీఎఫ్ చూడ్డానికి ముత్యాల్లాంటి తెలుగే. లోపల మాత్రం రోమన్ అక్షరాల, గుర్తుల గళ్లలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి ఉంటాయి. ఫాంటు ఫైల్‌లోనే ఉన్నంతసేపు తెలుగులా కనపడుతుంది, ఫాంటు ఊడిందా, డాలర్ గుర్తులూ కొమ్ముల ఫ్రెంచి అక్షరాలూ కలిపిన కిచిడీ మిగులుతుంది. ఈమెయిల్ సబ్జెక్ట్‌లో ‘కన్వర్ట్’ అని రాసి పంపినవాళ్లకి వచ్చే చెత్త ఇదే. కాబట్టి వీటిని పీడీఎఫ్‌గానే ఉంచాలి, మార్చకూడదు. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు ఉండదు, పేజీని పెద్దది చేసుకోవడమే దారి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠంలో ముక్కల వరుస చెదిరిపోయి ఉంటుంది, తర్వాత ప్రూఫ్ దిద్దే ఓపిక ఉండాలి.

మూడో రకం స్కాన్లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. తెలుగు పాఠకుడు ఈ-రీడర్ మీద ఆశపడేది సాధారణంగా వీటి కోసమే. ఇప్పుడు లెక్క చూడండి.

మన నవలల సైజు ఎక్కువగా డెమ్మీ 1/8, అంటే పేజీ ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. 6.8 అంగుళాల తెర అసలు కొలత 4.1 వెడల్పు, 5.4 పొడవు. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే 64 శాతానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్ల లోపుకి దిగుతుంది. ఒత్తు ఇంచుమించు అక్షరంలో సగమే కాబట్టి అది చీమ తలకాయంత అవుతుంది. ‘ప్ర’నా ‘ప్త’నా అని ఊహించుకుంటూ చదవాలి. చుట్టూ అంచులు కత్తిరిస్తే అక్షరాల భాగం సుమారు నాలుగుంపావుకి ఏడు అంగుళాలు మిగులుతుంది. అప్పుడు 77 శాతం, 9 పాయింట్ల పైచిలుకు. ఇది కళ్లజోడు లేనివాళ్లు ఒక గంట లాగొచ్చు.

తెరని అడ్డంగా తిప్పడం మంచి మందు. అక్షరాల భాగం వెడల్పు 5.4 అంగుళాలకి సాగి 12 పాయింట్లు 15 అవుతాయి, హాయిగా ఉంటుంది. ఖరీదు ఏమిటంటే, ఒక్కో పేజీకి మూడుసార్లు నొక్కాలి. రెండువందల పేజీల పుస్తకానికి ఆరొందల నొక్కులు. అంచులు కత్తిరించడానికి బ్రిస్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. తెరిచిన పుస్తకాన్ని రెండు పేజీలూ కలిపి ఫొటో తీసిన స్కాన్లని విడదీయడానికీ అదే. పీడీఎఫ్‌ని చిన్న తెరకి సర్దే కె2పిడిఎఫ్ఆప్ట్ సాఫ్ట్‌వేర్ వాడితే వెడల్పుకి సరిపెట్టే పద్ధతి ఎంచుకోండి, మాటలని విడదీసి మళ్లీ వరుసలు పేర్చే పద్ధతి జోలికి పోవద్దు. ఒత్తుగా అచ్చైన పాత పుస్తకాల్లో అది వరుస ఎక్కడ ముగిసిందో పట్టుకోలేక ఒత్తుల్ని నడుముకి కోసి కింది వరుసకి అతికిస్తుంది.

స్కాన్లలో ఇంకో రెండు చికాకులు. రంగులో స్కాన్ చేసిన పాత కాగితం పసుపు, ఇంక్ తెర మీద బూడిద రంగు అవుతుంది. పీడీఎఫ్ తెరిచినప్పుడు మెనూలో కాంట్రాస్ట్ చివరి దాకా పెంచితే కొంత నయం. రెండోది వేగం. ఆర్కైవ్ పీడీఎఫ్‌లలో బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో బాగా నొక్కి పెట్టి ఉంటాయి, వాటిని విప్పడం ఈ చిన్న ప్రాసెసర్‌కి బరువు, పేజీ తిప్పి కాసేపు ఎదురుచూడాలి. కె2పిడిఎఫ్ఆప్ట్‌లోంచి ఒకసారి నడిపిస్తే ఈ బరువూ తగ్గుతుంది. ‘ఈపబ్ కూడా ఉందిగా’ అని అదే సైట్‌లో పక్కనున్న ఈపబ్ దించుకోకండి, అది యంత్రం తనంతట తాను చదివి రాసుకున్నది. తెలుగు స్కాన్లకి అందులో వాక్యానికి నాలుగు తప్పులు సర్వసాధారణం.

కాబట్టి స్కాన్లే మీ చదువైతే 10.3 అంగుళాల తెర ఉన్న ఈ-రీడర్ చూడండి. దాని తెర 6.2 అంగుళాలకి 8.2, డెమ్మీ పేజీ ఏమీ కత్తిరించకుండానే 97 శాతం సైజులో, అంటే దాదాపు అసలు పుస్తకం అంతే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఉన్న బూక్స్ కంపెనీ ఈ-రీడర్ల లాంటివైతే ఇంకో లాభం, తెలుగు ఈ-పుస్తకాలు కాపీ చేయకుండా వేసే అడోబీ తాళంతో ఏసీఎస్‌ఎం ఫైళ్లుగా వస్తే కిండిల్ ససేమిరా తెరవదు, వీటిలో తగిన యాప్ వేసుకుని చదువుకోవచ్చు. ధర రెట్టింపు దాటుతుంది, బరువూ బాగా ఎక్కువే, పడుకుని ఒంటి చేత్తో పట్టుకోలేరు. ఆరంగుళాల మామూలు కిండిల్ మాత్రం తెలుగు స్కాన్లకి ఏ లెక్కనా పనికిరాదు. అంచులు కత్తిరించాక కూడా 69 శాతమే.

చివరగా ఒక చిన్న లోటు, పద్యాలూ పాత వచనమూ చదివేవాళ్లకి బాగా తగిలేది. ఇంగ్లిష్ మాట మీద వేలు పెట్టి పట్టుకుంటే అర్థం వస్తుంది. తెలుగు మాట మీద పెడితే ఏమీ రాదు, దీనితో పాటు తెలుగు నిఘంటువు ఇవ్వలేదు. అందుకని ఫోన్‌లో ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిచి పక్కన పెట్టుకోవాలి. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం రెండూ ఒకే చోట వెతికిస్తుంది. పేజీకి రెండు మాటలే వెతుక్కుంటానని నియమం పెట్టుకుంటే మంచిది, లేకపోతే చేతిలో ఉండేది ఫోనే.