ఏది మేలు? మైనింగ్ మెషిన్ స్పీడు పెంచడమా, వోల్టేజీ తగ్గించడమా

ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో పాత మైనింగ్ రిగ్గులు, అంటే క్రిప్టో కాయిన్ల కోసం రోజంతా లెక్కలు చేసే మెషిన్లు, ఇప్పటికీ కనిపిస్తాయి. ఇథీరియం అనే కాయిన్ మంచి ఊపులో ఉన్నప్పుడు కొన్న గ్రాఫిక్స్ కార్డులు కొన్ని, మైనింగ్ కోసమే చేసిన, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న యాంట్‌మైనర్లు కొన్ని. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్‌ను పూర్తిగా వదిలేశాక చాలామంది ప్లగ్గు పీకి అటక మీద పెట్టేశారు. బిట్‌కాయిన్ ధర పెరిగిందన్న వార్త రాగానే మళ్లీ కిందికి దించుతారు. దించగానే అడిగే మాట, "అన్నా, దీన్ని ఎంతవరకు లాగించొచ్చు?"

ముందు ఎంత తగ్గించొచ్చో చూడమంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్క చూడాలి.

ట్యూన్ చేయాలనుకునేవాళ్లకు నాలుగు దారులున్నాయి. కంపెనీ సెట్టింగ్స్‌ని ముట్టుకోకుండా వదిలేయడం ఒకటి. క్లాక్ (చిప్ నడిచే వేగం) పెంచి, అవసరమైతే వోల్టేజీ కూడా పెంచి ఎక్కువ హ్యాష్‌రేట్ (సెకనుకి చేసే లెక్కల సంఖ్య) రాబట్టడం రెండోది, అదే ఓవర్‌క్లాకింగ్. వోల్టేజీ దించి, క్లాక్‌ని దానికి సరిపడా ఉంచడం మూడోది, అండర్‌వోల్టింగ్. ఈ పనంతా ఫర్మ్‌వేర్‌కే, అంటే మెషిన్ లోపలి సాఫ్ట్‌వేర్‌కే, అప్పజెప్పడం నాలుగోది. మన వైపు ఎండకి, సాయంత్రం వచ్చే వోల్టేజీకి, కరెంటు స్లాబుకి మూడోదే సరైనదని నా గట్టి అభిప్రాయం. యాంట్‌మైనర్ లాంటి బిట్‌కాయిన్ ఆసిక్ మెషిన్లకైతే (ఆ ఒక్క పని కోసమే చేసిన చిప్పులున్నవి) నాలుగో దారిని కూడా దానికి తోడు తెచ్చుకోవాలి.

చిప్ లాగే పవర్ సుమారుగా ఫ్రీక్వెన్సీని వోల్టేజీ వర్గంతో గుణించినంతగా మారుతుంది. క్లాక్ 10 శాతం పెంచారనుకుందాం. ఆ స్పీడులో తప్పులు చేయకుండా నిలబడటానికి వోల్టేజీ 5 శాతం పెంచాల్సి వచ్చిందనుకుందాం. 1.05ని 1.05తో, వచ్చినదాన్ని 1.1తో గుణిస్తే దాదాపు 1.21. అంటే 10 శాతం పని కోసం 21 శాతం ఎక్కువ కరెంటు. ఇప్పుడు క్లాక్ కదపకుండా వోల్టేజీ ఒక్కటే 10 శాతం దించి చూడండి. 0.9ని 0.9తో గుణిస్తే 0.81. హ్యాష్‌రేట్ అంతే ఉంటుంది, కరెంటు 19 శాతం మిగులుతుంది. ఫ్యాన్లు తినేదీ, పవర్ సప్లైలో పోయేదీ ఈ లెక్కలో లేవు కాబట్టి ప్లగ్గు దగ్గర మీటర్ పెడితే ఆదా కొంచెం తక్కువగా కనిపిస్తుంది.

వోల్టేజీ అసలు దించడానికి వీలెందుకు ఉంటుందంటే, ఒకే బ్యాచ్‌లో వచ్చిన చిప్పులు కూడా ఒకేలా ఉండవు. వాటిలో బలహీనమైనది కూడా ఎలాంటి వేడిలోనైనా పనిచేయాలని కంపెనీ అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి పంపుతుంది. మీ చేతికొచ్చిన చిప్ మంచిదైతే ఆ అదనమంతా ఉత్త వేడిగా పోతున్నట్టే. అందుకే కంపెనీ సెట్టింగ్స్‌తో నడపడం సురక్షితమే గానీ మన స్లాబులో ఖరీదైన సురక్షితం. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఓవర్‌క్లాకింగ్‌లో ఒక్కదాన్ని మాత్రం నేను సమర్థిస్తాను, అది మెమరీ క్లాక్ పెంచడం. ఇథీరియం క్లాసిక్ వాడే ఎట్‌చాష్ లాంటి అల్గారిథమ్‌లకు (లెక్క చేసే పద్ధతులకు) కావలసింది మెమరీ వేగం. లెక్కలు చేసే భాగం, అంటే కోర్, చాలాసేపు మెమరీ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. అక్కడ కోర్ క్లాక్, వోల్టేజీ బాగా దించి మెమరీని పెంచితే రెండు వైపులా లాభమే. 125 వాట్ల జీటీఎక్స్ 1660 సూపర్ కార్డుని 80 వాట్ల దగ్గరకు దించి, పైగా కంపెనీ సెట్టింగ్ కన్నా ఎక్కువ హ్యాష్‌రేట్ తీసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రేవెన్‌కాయిన్ వాడే కాపౌ అల్గారిథమ్‌కి ఆ సెట్టింగ్ పెడితే మాత్రం బోల్తా పడతారు. అది కోర్‌ని గట్టిగా వాడుకుంటుంది, కోర్ దించితే హ్యాష్‌రేట్ కూడా దిగుతుంది. కాయిన్ మారితే ట్యూనింగ్ మళ్లీ మొదటి నుంచే. ఎవరో పంపిన సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ చూసి అవే నంబర్లు కొట్టేవాళ్లు ముందు అది ఏ అల్గారిథమ్‌కో అడగాలి. జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ ఉన్న ఎన్విడియా 3080, 3090 లాంటి కార్డుల్లో మెమరీ 110 డిగ్రీలకు చేరితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. వాటిలో మెమరీ క్లాక్ పెంచే ముందు, వేడిని బయటికి లాగే థర్మల్ ప్యాడ్లు మార్చాలి.

పవర్ లిమిట్ తగ్గించడమూ అండర్‌వోల్టింగూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. పవర్ లిమిట్ అంటే ఇన్ని వాట్లు దాటొద్దని కార్డుకి చెప్పడం. ఏ క్లాక్‌కి ఎంత వోల్టేజీ అనే తన పాత పట్టికనే కార్డు వాడుతూ క్లాక్‌ని కిందికీ పైకీ ఆడిస్తుంది. అండర్‌వోల్టింగ్‌లో చేసేది కర్వ్ ఎడిట్, అంటే ఫలానా క్లాక్‌ని ఇంత తక్కువ వోల్టేజీలోనే నడపమని ఆ పట్టికనే మార్చడం. ఒక్క సాయంత్రం ఓపిక ఉంటే రెండోదే చేయండి. విండోస్‌లో ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కర్వ్ ఎడిటర్ ఉంటుంది. లినక్స్‌లో ఎన్విడియా కార్డుల వోల్టేజీని నేరుగా దించే వీలుండదు గానీ, కోర్ క్లాక్‌ని ఒక విలువ దగ్గర లాక్ చేసి, అదే వోల్టేజీకి ఎక్కువ క్లాక్ ఇచ్చే ఆఫ్‌సెట్ పెంచితే ఫలితం అదే వస్తుంది.

కొలవడంలోనే చాలామంది మోసపోతారు. సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లని నమ్మొద్దు. ఆర్‌ఎక్స్ 580 తరం ఏఎండీ కార్డుల్లో అది కోర్ తీసుకునే పవర్‌ని మాత్రమే చూపిస్తుంది, మెమరీ ఖర్చు కలపదు. ప్లగ్గుకీ మెషిన్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ ఒకటి కొనండి. హ్యాష్‌రేట్ కూడా స్క్రీన్ మీద కనిపించేది కాకుండా పూల్‌లో (చాలామంది మైనర్లు కలిసి పనిచేసే సర్వీసులో) మీ ఖాతాలో చేరిన షేర్ల, అంటే మీ మెషిన్ పంపిన లెక్కల ఫలితాల, 24 గంటల సగటు చూడండి. ఓవర్‌క్లాక్ చేసిన చిప్ స్క్రీన్ మీద గొప్ప అంకె చూపిస్తూనే తప్పుడు లెక్కలు పంపుతుంటుంది, పూల్ వాటిని తిప్పికొడుతుంది. కరెంటు మాత్రం వాటికీ కాలినట్టే. వోల్టేజీని 25 మిల్లీవోల్టుల చొప్పున దించుతూ ప్రతి మెట్టు దగ్గరా కొన్ని గంటలు నడపండి. తప్పుడు షేర్లు పెరిగినా, డ్రైవర్ పడిపోయినా ఒక మెట్టు వెనక్కి రండి. ఎండాకాలం కోసం ఇంకో మెట్టు వదులుకోండి.

ఊరిని బట్టి కూడా తేడా వస్తుంది. సెమిలిగుడ, సునాబెడ, కొరాపుట్ కొండల మీద చలికాలం రాత్రి కుదిరిన సెట్టింగ్ బరంపురంలో మే నెల మధ్యాహ్నం నిలబడదు. చిప్ వేడెక్కేకొద్దీ లోపల కరెంటు లీకేజీ పెరిగి, అదే వోల్టేజీలో కూడా ఎక్కువ పవర్ లాగుతుంది. బరంపురానికి గోపాలపురం సముద్రం దగ్గర, అక్కడి గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉంటాయి. ఫ్యాన్లని పూర్తి వేగంలో తిప్పితే ఆ గాలి మొత్తం బోర్డుల మీదుగా పోతుంది, కనెక్టర్లు తుప్పు పడతాయి. వోల్టేజీ దించి వేడి తగ్గిస్తే ఫ్యాన్ వేగం కూడా తగ్గుతుంది. తీరం దగ్గర ఉన్నవాళ్లకు నాకు కనిపించే పెద్ద లాభం ఇదే. మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ, దెగ్లూరు వైపు మనవాళ్లకు ఎండ ఇంకా ఎక్కువ, ఇంటి కరెంటు రేటు కూడా ఒడిశా కన్నా ఎక్కువ. వాళ్లు ఓవర్‌క్లాక్ మాట తలపెట్టకపోవడమే మంచిది.

వేడి ఎంతో అంచనా కోసం ఒక మాట. యాంట్‌మైనర్ ఎస్19 ప్రో 3,250 వాట్లు తీసుకుంటుంది, ఆ మొత్తం చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోసే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే ఒక్క మెషిన్ వేడిని తీయడానికే ఒక టన్ను ఏసీ ఆగకుండా నడవాలి.

సాయంత్రం లో వోల్టేజీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్యాన్ అయితే వోల్టేజీ పడితే నెమ్మదిస్తుంది. మైనింగ్ పవర్ సప్లై అలా చేయదు, వోల్టేజీ పడినకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఎస్19 ప్రో 230 వోల్టుల దగ్గర సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటే 200 దగ్గర 16 దాటుతుంది. ఇళ్లలో ఏసీకి, గీజర్‌కి పెట్టే ప్లగ్గు 16 ఆంపియర్లది. రోజంతా ఆ అంచున నడిపితే ముందు వైరు వేడెక్కుతుంది, తర్వాత ప్లగ్గు నల్లబడుతుంది. 200 వోల్టుల కన్నా కిందికి పడితే ఈ సప్లైల పరిధి కూడా దాటినట్టే. అదే మెషిన్‌ని 2,100 వాట్లకు దించితే 200 వోల్టుల దగ్గర కూడా పదిన్నర ఆంపియర్లే. ట్యూనింగ్ వల్ల డబ్బు మిగలకపోయినా, ఇల్లు కాలిపోతుందన్న టెన్షన్ తగ్గడానికైనా అది చేయాలి.

ఇప్పుడు చేతితోనా, ఫర్మ్‌వేర్‌తోనా అన్న విషయం. గ్రాఫిక్స్ కార్డులు నాలుగైదు ఉంటే చేతితో చేసిందే బాగుంటుంది, ఒక్కో కార్డు స్వభావం మీకు తెలుస్తుంది. ఆసిక్‌లో అది కుదరదు. పాత యాంట్‌మైనర్ ఎస్9లోనే మూడు బోర్డుల మీద 189 చిప్పులుంటాయి. బ్రెయిన్స్ ఓఎస్ లాంటి ఫర్మ్‌వేర్ ఇన్ని వాట్లు దాటొద్దని మీరు పెట్టిన హద్దులో ఒక్కో చిప్‌కీ తగిన ఫ్రీక్వెన్సీని తనే వెతుకుతుంది. బలహీనమైన చిప్‌ని నెమ్మదిగా, గట్టి చిప్‌ని వేగంగా నడుపుతుంది. మనిషి వల్ల అయ్యే పని కాదది. ఇలాంటి ఫర్మ్‌వేర్లు సాధారణంగా హ్యాష్‌రేట్‌లో కొంత శాతం ఫీజుగా తీసుకుంటాయి, మెషిన్ వారంటీ కూడా పోవచ్చు. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫర్మ్‌వేర్ ఫైలు మాత్రం ఎక్కించకండి. మీ కరెంటుతో వేరొకరి వాలెట్ నింపేవి, మెషిన్‌ని లాక్ చేసి డబ్బు అడిగేవి కూడా వాటిలో ఉన్నాయి.

ఇక రూపాయల్లో చూద్దాం. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనర్లకు వచ్చే బహుమతి సగమవడం) తర్వాత ఒక్కో బ్లాకుకి, అంటే లావాదేవీల కట్టకి, మైనర్లకు వచ్చేది 3.125 బిట్‌కాయిన్లు. రోజుకి సుమారు 144 బ్లాకులు, అంటే 450 బిట్‌కాయిన్లు. 2025లో ప్రపంచం మొత్తం హ్యాష్‌రేట్ ఒక జెటాహ్యాష్‌ని తాకింది, అంటే 100 కోట్ల టెరాహ్యాష్‌లు (ఒక టెరాహ్యాష్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు). అంతే ఉందనీ, లెక్క తేలిగ్గా ఉండేందుకు బిట్‌కాయిన్ కోటి రూపాయలనీ అనుకుందాం. ఒడిశాలో ఇంటి మీటరు 400 యూనిట్లు దాటాక యూనిట్ ఆరు రూపాయల పైనే, మనం ఆరే వేద్దాం. కంపెనీ సెట్టింగ్‌లో ఎస్19 ప్రో 110 టెరాహ్యాష్‌లు చేస్తే రోజుకి 495 రూపాయలు వస్తాయి. 78 యూనిట్లకు 468 పోతాయి, మిగిలేది 27. పైన చెప్పినట్టు క్లాక్ 10 శాతం, వోల్టేజీ 5 శాతం పెంచితే రాబడి సుమారు 545, కరెంటు 567. స్క్రీన్ మీద హ్యాష్‌రేట్ పెరిగింది, జేబులోంచి 22 రూపాయలు పోయాయి. క్లాక్ 20 శాతం, వోల్టేజీ 10 శాతం దించితే 88 టెరాహ్యాష్‌లకి 396 రూపాయలు. 2,100 వాట్ల మెషిన్‌కి కరెంటు 302, మిగిలేది 94. ఒకటే మెషిన్, ఒకటే ఇల్లు, మూడు సెట్టింగులు.

ఎస్9 ఉన్నవాళ్లు దాని మీద ఆశ వదులుకోవాలి. 13.5 టెరాహ్యాష్‌లకి వచ్చేది రోజుకి 61 రూపాయలు, 1,350 వాట్లకి పోయేది 194. ట్యూనింగ్‌తో ఖర్చుని సగానికి దించినా 97. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని తమ్ముళ్లెవరైనా దాన్ని తెస్తుంటే ఆపండి.

ఆ 94 రూపాయలు కూడా చేతికి రావు, పన్ను ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు. మైనింగ్ మెషిన్ల ఖర్చు కొన్న ఖరీదు కిందికి రాదని కేంద్రం ఆ ఏడాది మార్చిలోనే లోక్‌సభలో చెప్పింది. కాబట్టి 396 మొత్తం మీద 30 శాతం, అంటే దాదాపు 119, సెస్ వేరే. మంచిగా ట్యూన్ చేసిన మెషిన్ కూడా రోజుకి పాతిక రూపాయలు తింటుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపినట్టు తేలితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. మిద్దె మీద సోలార్ ఉంది, కరెంటు ఉచితమే కదా అనుకోవద్దు. నెట్ మీటరింగ్‌లో మీరు గ్రిడ్‌కి పంపే యూనిట్ మీ బిల్లులో తగ్గుతుంది, మెషిన్ తిన్న ప్రతి యూనిట్ దగ్గరా ఆ తగ్గింపు పోతుంది.

కాబట్టి మైనింగ్ కోసం ఈరోజు కొత్తగా మెషిన్ కొనమని ఎవరికీ చెప్పను. కార్డులు ఇప్పటికే ఉన్నవాళ్లు అండర్‌వోల్టింగ్ మాత్రం నేర్చుకోండి. గుణుపురంలో, పర్లాకిమిడిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు అవే కార్డుల మీద బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో 3డీ బొమ్మల రెండరింగ్, చిన్న ఏఐ మోడళ్లు నడుపుకోవచ్చు. ఆ పనులు కోర్‌ని గట్టిగా వాడతాయి కాబట్టి మైనింగ్‌కి పెట్టిన సెట్టింగ్ పనికిరాదు. మెమరీ క్లాక్‌ని కంపెనీ విలువకు తెచ్చి, కోర్ వోల్టేజీని మళ్లీ పై నుంచి ఒక్కో మెట్టు దించుతూ రండి.