లైబ్రరీలో ఉచిత సిటిజన్‌షిప్ క్లాసు: పాసవ్వడానికైతే యాప్ చాలు, అర్థం కావాలంటే ఇక్కడికి వెళ్ళండి

అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు దాటి, పౌరసత్వానికి పెట్టే అప్లికేషన్ ఫారం ఎన్-400 వేద్దామా వద్దా అని చూస్తున్న మన తెలుగువాళ్ళ కోసం ఈ రివ్యూ. మా కౌంటీ పబ్లిక్ లైబ్రరీలో సాయంత్రాలు ఉచితంగా నడిచే సిటిజన్‌షిప్ క్లాసుకి నేనూ అమ్మా మొదటి నుంచి చివరిదాకా వెళ్ళాం. ఇలాంటి క్లాసులు చాలా ఊళ్ళలో ఉన్నాయి, ఒక్కోచోట ఒక్కోలా నడుస్తాయి. అందుకే లైబ్రరీ పేరు రాయడం లేదు, మీ దగ్గర ఉన్న క్లాసులో ఏం చూసుకుని చేరాలో మాత్రం తెలుస్తుంది.

ముందు పరీక్ష సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో పాత లెక్కలే తిరుగుతున్నాయి. 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ అప్లికేషన్ వేసినవాళ్ళకి సివిక్స్ పరీక్ష (అమెరికా ప్రభుత్వం, చరిత్ర మీద అడిగేది) మారింది. ఇదివరకు 100 ప్రశ్నల లిస్టు, అందులోంచి 10 వరకు అడిగితే 6 చెప్పాలి. ఇప్పుడు లిస్టు 128, అడిగేవి 20 వరకు, 12 చెప్పాలి. 12 వచ్చేస్తే అక్కడితో ఆపేస్తారు, 9 తప్పితే కూడా ఆపేస్తారు. అన్నీ నోటితో చెప్పాల్సినవే, ఆప్షన్లు ఇవ్వరు. ఇవి కాక ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. ప్రశ్నలూ జవాబులూ మొత్తం, పౌరసత్వం ఇచ్చే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి కాబట్టి, డబ్బు తీసుకుని "గ్యారంటీ పాస్" అమ్మేవాళ్ళ జోలికి అసలు వెళ్ళకండి.

మరి అన్నీ ఉచితంగా దొరుకుతుంటే క్లాసు ఎందుకు? బట్టీ కొట్టడానికైతే నిజంగా అక్కర్లేదు. కానీ కొత్త లిస్టులో "ఎందుకు" అని అడిగేవి ఉన్నాయి. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో సెనేట్, హౌస్ అని రెండు సభలు. ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు ఎందుకు, హౌస్ సభ్యులకి సెనేటర్ల కన్నా పదవీకాలం ఎందుకు తక్కువ, ఇలాంటివి. ఇవి బట్టీ పట్టినా నిలవవు, ఒక్కసారి లోపలి లెక్క అర్థమైతే మాత్రం మర్చిపోదామన్నా మర్చిపోలేం. ఈ క్లాసు గొప్పతనమంతా ఆ లెక్క అర్థమయ్యేలా చెప్పడంలోనే ఉంది.

మా టీచర్ రిటైరైన హైస్కూల్ టీచర్, వాలంటీరుగా వచ్చి చెబుతారు. మొదటి రోజే అందరి చేతుల్లో జేబులో పట్టేంత రాజ్యాంగం పుస్తకం పెట్టి, ప్రశ్నల లిస్టు మూసేయమన్నారు. ఆర్టికల్ 1 ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేళ్ళతో పేజీలు లెక్కపెట్టమన్నారు, తర్వాత ఆర్టికల్ 2, తర్వాత 3. మొదటిది కాంగ్రెస్, అన్నిటికన్నా పొడుగు. రెండోది ప్రెసిడెంట్, అందులో సగం కూడా లేదు. మూడోది కోర్టులు, ఇంకా చిన్నది. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని దీన్ని రాసినవాళ్ళు ఎవరి అధికారాల గురించి ఎక్కువ తర్జనభర్జన పడ్డారో పేజీలే చెబుతాయి అన్నారావిడ. టీవీలో ఎప్పుడు చూసినా ప్రెసిడెంట్ కనిపించే దేశంలో, రాజ్యాంగం కాంగ్రెస్‌తో మొదలవుతుందని చేత్తో పట్టుకుని చూడటం వేరే అనుభవం. తర్వాత వచ్చిన సవరణలు వదిలేస్తే మొత్తం కలిపి సుమారు 4,500 పదాలే, ఆ రాత్రే కూర్చుని చదివేశాను.

ఇద్దరు సెనేటర్ల ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పలేదు, బోర్డు మీద రెండు అంకెలు వేశారు. 2020 జనాభా లెక్కల ప్రకారం కాలిఫోర్నియాలో సుమారు 3.95 కోట్ల మంది, వయోమింగ్‌లో 5.77 లక్షల మంది. హౌస్‌లో కాలిఫోర్నియాకి 52 సీట్లు, వయోమింగ్‌కి ఒకటి. సెనేట్‌కి వచ్చేసరికి ఇద్దరికీ చెరో రెండు. ఇది న్యాయమా అని అడిగి క్లాసుని రెండు జట్లుగా విడగొట్టి వాదించుకోమన్నారు. అరగంట తర్వాత గానీ చెప్పలేదు, 1787లో చిన్న రాష్ట్రాలూ పెద్ద రాష్ట్రాలూ సరిగ్గా ఇదే గొడవ పడి, చివరికి ఒక సభ జనాభా లెక్కన, ఇంకో సభ రాష్ట్రాల లెక్కన అని రాజీపడ్డాయని. అప్పట్లో సెనేటర్లని జనం కాదు, రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. 1913లో 17వ సవరణ వచ్చాకే నేరుగా ఓటు.

మనవాళ్ళకి ఎక్కువ తికమక పెట్టేది మాత్రం వేరే ఉంది. అమ్మ ఉండబట్టలేక అడిగింది, నేను ఇంగ్లీషులో చెప్పాను: "ప్రెసిడెంట్ సొంత పార్టీ వాళ్ళే సభలో ఎదురు తిరిగితే గవర్నమెంట్ పడిపోతుంది కదా?" పడిపోదు. ఇక్కడ అవిశ్వాస తీర్మానం లేదు, ప్రెసిడెంట్ సభని రద్దు చేయలేడు, సభ తనకి నచ్చనంత మాత్రాన ప్రెసిడెంట్‌ని దించలేదు. ఇంపీచ్‌మెంట్ (తప్పు చేసిన ప్రెసిడెంట్ మీద అభియోగం మోపి తొలగించే పద్ధతి) ఉంది గానీ హౌస్‌లో నెగ్గాక సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, ఇప్పటిదాకా ఏ ప్రెసిడెంటూ అలా పదవి పోగొట్టుకోలేదు. మన దగ్గర మంత్రి కావాలంటే ఆరు నెలల్లోపు ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి, ఇక్కడ మంత్రి అయితే సభలో ఉండకూడదు. 2025లో మార్కో రూబియో సెనేట్ సీటు వదులుకునే విదేశాంగ మంత్రి అయ్యారు. ఎన్నికల తేదీ కూడా ఎవరికి నచ్చినట్టు వాళ్ళు జరుపుకునేది కాదు, అంతర్యుద్ధం మధ్యలో 1864లో కూడా ఎన్నిక టైముకే జరిగింది. ఎన్టీఆర్ కాలం నుంచీ రాజకీయాలు చూసిన అమ్మకి ఇది అరగడానికి టైం పట్టింది, ఇంటికెళ్ళే దారంతా కార్లో ఇదే చర్చ.

పౌరసత్వం వల్ల వచ్చే బాధ్యతల మీద చెప్పిన క్లాసు కూడా బాగుంది. జ్యూరీ డ్యూటీ (కోర్టు పిలిస్తే కేసు విని తీర్పు చెప్పడానికి కూర్చోవడం) గురించి మనవాళ్ళకి తెలిసింది తక్కువ, ఆవిడ ఓపిగ్గా చెప్పారు. అన్నిటికన్నా పనికొచ్చింది ఒక హెచ్చరిక: డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయాలా అని అడిగితే, సిటిజన్ కాకముందు పొరపాటున కూడా టిక్ పెట్టొద్దు. సిటిజన్ని కాకుండా సిటిజన్ అని చెప్పినట్టు రికార్డులో పడితే అప్లికేషన్‌కే ఎసరు. ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటి ఫారాలు నింపేటప్పుడు పక్కన ఉండండి.

ఇక నచ్చనివి. కోర్టుల పాఠం హడావిడిగా ముగించారు. చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టేసే అధికారం కోర్టుకి ఉందని తేల్చిన 1803 నాటి మార్బరీ కేసుకి రెండు వాక్యాలే దక్కాయి.

ఇంకొకటి నన్ను నిజంగా బాధపెట్టింది. బానిసత్వం గురించి దాచకుండా చెప్పారు, జనాభా లెక్కలో బానిసలని ఐదింట మూడొంతులుగా లెక్కేసిన వాక్యాన్ని పుస్తకంలోంచి చదివించారు, 13, 14, 15 సవరణలు వివరంగా చెప్పారు. కానీ గదిలో సగం మంది ఆసియా నుంచి వచ్చినవాళ్ళం, మా గురించి ఒక్క మాట లేదు. 1790 చట్టం పౌరసత్వాన్ని తెల్లవాళ్ళకే ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ కేసులో, 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది, అదీ ఏడాదికి 100 మంది వలస కోటాతో. పదేళ్ళు తిరిగేసరికి, 1956లో, పంజాబ్ నుంచి వచ్చిన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి హౌస్‌కి ఎన్నికయ్యారు. ఈ సంగతి తెలిస్తే ఎన్-400 ఫారం మీద సంతకం పెట్టే చేతికి కూడా బరువు తెలుస్తుంది. ఫీడ్‌బ్యాక్ కాగితంలో ఇదంతా రాశాను. టీచర్ ఫోన్ చేసి, వచ్చే బ్యాచ్‌లో ఒక సాయంత్రం దీనికే పెడతానన్నారు.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి అసలు లోటు వేరే ఉంది. ఇంటర్వ్యూలో టెన్షన్ పెట్టేది సివిక్స్ కన్నా ఎన్-400 ఫారంలోని ప్రశ్నలు. ఎప్పుడైనా ఫలానా పార్టీలో ఉన్నారా, ఎవరినైనా హింసించారా, ఇలాంటివన్నీ కష్టమైన ఇంగ్లీషులో ఉంటాయి, ఆఫీసర్ మన ఇంగ్లీషుని చూసేది కూడా ఆ మాటల్లోనే. వీటికి చివర్లో ఒక్క క్లాసే పెట్టారు. అమ్మ కాంగ్రెస్, ప్రెసిడెంట్, కోర్టులు అనే మూడు శాఖల గురించి గడగడా చెబుతుంది, ఈ ప్రశ్నలు మొదలవగానే నా వైపు చూస్తుంది. వయసు పెద్దదైతే ఇంగ్లీషు మినహాయింపు ఉంటుందని చాలామంది అనుకుంటారు, వయసొక్కటే చాలదు: 50 ఏళ్ళు నిండి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు, లేదా 55 నిండి 15 ఏళ్ళు ఉండాలి. అప్పుడు కూడా సివిక్స్ చెప్పాల్సిందే, కాకపోతే తెలుగులో చెప్పొచ్చు. 65 నిండి 20 ఏళ్ళు ఉన్నవాళ్ళకి 20 ప్రశ్నల చిన్న లిస్టు. అన్నయ్య స్పాన్సర్ చేస్తే వచ్చిన అమ్మకి ఇవేవీ వర్తించవు.

కాబట్టి మీరు చేరబోయే క్లాసులో మాక్ ఇంటర్వ్యూలు ఎన్ని ఉన్నాయో ముందే అడగండి. తక్కువైతే ఇంట్లో మీరే ఆఫీసర్‌గా కూర్చుని, ఫారం చేతిలో పట్టుకుని, తెలుగులోకి దిగకుండా అడగండి. మేం ఇప్పుడు అన్నం తిన్నాక రోజూ అదే చేస్తున్నాం. క్లాసుకి ఫీజు లేదు గానీ సీట్లు తొందరగా నిండిపోతాయి, బ్యాచ్ తేదీలు బోర్డు మీద పెట్టగానే కౌంటర్‌లో పేరు రాయించుకోండి.