రాజకీయ సలహాదారు సేవ: మంత్రి పేషీకి పనికొస్తుందా?

రాజకీయ సలహాదారు అనగానే ప్రసంగాలు, ప్రెస్ నోట్లు గుర్తొస్తాయి. ఈ సేవకు మార్కులు వేయాల్సింది మాత్రం ముసాయిదా విధానం శాఖ నుంచి పేషీకి చేరాక, మంత్రి సంతకం పడేలోపు జరిగే పనిని చూసి. అది కుదిరితే ఐదుకు నాలుగు నక్షత్రాలు. కుదరకపోతే ఒకటి కూడా ఎక్కువే.

అధికారుల నోట్‌లో చట్టం, ఖర్చు, అమలు ఉంటాయి. ఎవరు నష్టపోతారు, మేనిఫెస్టోలో ఇచ్చిన మాటకు ఇది సరిపోతుందా, సభలో సొంత పార్టీవాళ్లే అడ్డం తిరుగుతారా అన్న లెక్కలు వాళ్లు రాయరు, రాయకూడదు కూడా. సలహాదారు వాటిని బాహాటంగా మోస్తే, అధికారి మీద ఆ భారం పడదు. ఈ లాభాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

పని తెలిసిన సలహాదారు మొదటి చర్చ నుంచే ఉంటాడు, ఆఖరి రోజు వచ్చి అంకెలు మార్చమనడు. శాఖ నోట్ మీద చెయ్యి పెట్టకుండా, తన అభిప్రాయం రెండు పేజీల్లో తేదీ వేసి వేరుగా జతచేస్తాడు. మొదటి ఏడాది ఖర్చెంత, మూడో ఏడాదికి ఎంతవుతుంది, ఆపాల్సొస్తే ఎలా ఆపాలి అని అడుగుతాడు. చివరి ప్రశ్న అడిగేవాళ్లు బహు తక్కువ.

పాడయ్యేది గరాటు దగ్గర. ప్రతి కాగితమూ సలహాదారు బల్ల మీదుగానే పోతే, చేదు కబురు అక్కడే ఆగిపోతుంది. ఆస్ట్రేలియాలో 2001లో శరణార్థులు పిల్లల్ని సముద్రంలోకి విసిరేశారన్న ఆరోపణ తప్పని తేలింది. ఎవరికి ఏమి ఎప్పుడు తెలిసిందని సెనెట్ కమిటీ విచారిస్తే, మంత్రుల సలహాదారులను సాక్ష్యానికి పంపేది లేదని ప్రభుత్వం తేల్చేసింది. జవాబుదారీతనంలో ఈ సేవకున్న పెద్ద లోటు ఇదే. అందుకే శాఖాధిపతికి మంత్రిని నేరుగా కలిసే వీలు తప్పకుండా ఉంచాలి.

"మంత్రిగారు చెప్పమన్నారు" అని సలహాదారు అధికారికి చెప్పే నోటిమాట రెండో జబ్బు. అధికారి అదే రోజు "ఫలానా సూచన అందింది, ధ్రువీకరించండి" అని రాతలో పంపితే సగం సూచనలు మళ్లీ వినిపించవు.

నిబంధనల విషయంలో బ్రిటన్ నమూనా మెరుగు. 1997లో ముగ్గురు సలహాదారుల వరకు సివిల్ సర్వెంట్లకు ఆదేశాలిచ్చే వీలు కల్పించి, 2007లో రద్దు చేశారు. 2010 చట్టం ప్రకారం సలహాదారులు ప్రభుత్వ ఖర్చుకు ఆమోదం ఇవ్వలేరు. మంత్రి దిగిపోతే వీళ్ల ఉద్యోగమూ ముగుస్తుంది. ఎంతమంది ఉన్నారో, ఎంత ఖర్చవుతోందో ఏటా పార్లమెంటుకు చెప్పాలి.

ఎంతమంది కావాలన్నది తెగని పంచాయితీ. ఫ్రాన్స్ 2017లో ఒక్కో మంత్రికి పదిమందే అని గిరి గీసి, 2020లో పదిహేనుకు పెంచింది. మరీ తక్కువైతే ఒక్కడే పది ఫైళ్లు పైపైన తిరగేస్తాడు. ఎక్కువైతే పేషీలోనే రెండో శాఖ పుడుతుంది.

ఎన్నికల వ్యూహకర్తను విధానం రాయడానికి కూర్చోబెట్టే పొరపాటు మాత్రం చేయొద్దు. ఆయన చూపు పోలింగ్ రోజు దగ్గర ఆగుతుంది. నియామకాలు, టెండర్లు, నియమావళి ఆ తర్వాతే మొదలవుతాయి.

తీసుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. పాత ముసాయిదా ఒకటిచ్చి, ఒక రోజు గడువులో రెండు పేజీలు రాయమనండి. నష్టపోయేవాళ్ల ప్రస్తావన రెండో పేజీ దాకా రాకపోతే ఇంకొకరిని చూసుకోండి.